గుడ్డలో నిలవని పచ్చ

లోతువాడ నీటి పుస్తకం, పదకొండోది. రాస్తున్నది తొట్టి కాపరి సూరాడ కొర్లయ్య.

మాఘం 6. పళ్ళెం నాలుగు ముడులు. ఈశాన్యపు గాలి, మెల్లగా.

రోజుకు మూడు వాక్యాలు రాయాలని నియమం. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను రెండే రాస్తున్నాను. ఇవాళ కొంచెం ఎక్కువ రాయాలి. మా అబ్బాయి గురువులు పెళ్ళి చేసుకుని వచ్చాడు.

పిల్ల పేరు ముత్తేలు. ఒండ్రుపేట పిల్ల. ఒండ్రుపేట ఒడ్డుకు దగ్గరలో, వంశధార సముద్రంలో కలిసే మొగకు ఎదురుగా కట్టిన తెప్ప, మాలాగే నీళ్ళ మీద తేలే ఊరు. అక్కడి నుంచి మా లోతువాడకు లాగుడు పడవ మీద రెండు రోజులు. దిగేసరికి పిల్ల ముఖం పాలిపోయి ఉంది. చంకలో కుండ మాత్రం వదల్లేదు.

ఆ కుండలో వాళ్ళ తొట్టి నీళ్ళు. పెరుగుకు తోడు పంపినట్టు, పుట్టింటి తెప్ప నీళ్ళు తెచ్చి అత్తింటి తొట్టిలో పోయడం ఆచారం. నలభై రెండు ఇళ్ళ వాళ్ళూ తొట్టి చుట్టూ చేరారు. పిల్ల పోసింది. మా నీళ్ళు పలచగా, విరిగిన గాజు అంచు రంగులో ఉంటాయి. కుండ నీళ్ళు తేనె రంగువి. తేనె చార కాసేపు నిలిచి కలిసిపోయింది.

తెప్పపెద్ద దేముడమ్మ నోరు ఊరుకోదు. "ఓలమ్మీ, ఎంత సిక్కగున్నాయే మీ నీళ్ళు! మావి ఉత్త పలసన. ఇంక నువ్వే సిక్కబరసాల" అంది.

అందరూ నవ్వారు. పిల్ల నవ్వలేదు. ఆ మాట లోపల పెట్టుకున్నట్టుంది.

సారెలో తొమ్మిది ఒండ్రు ఉండలు తెచ్చింది. ఏటి మొగలో తీసిన మెత్తటి మట్టి, లడ్డు ఉండలంత చేసి ఎండబెట్టినవి. అటకమీద వరుసగా పెట్టింది.

మాఘం 7. పళ్ళెం నాలుగు ముడులు.

ఈ పుస్తకం నా తర్వాత వచ్చే కాపరికి. అందుకని పని రాస్తున్నాను.

తొట్టి అంటే తెప్ప నడుమ సముద్రంలోకి వేలాడే పెద్ద సంచి. పన్నెండు వేల బిందెల నీళ్ళు పడతాయి. పొద్దున్నే తెల్ల పళ్ళేనికి తాడు కట్టి దింపుతాను. తాడుకు జానకొక ముడి. పళ్ళెం కంటికి కనబడకుండా పోయేలోపు ఎన్ని ముడులు దిగితే అన్ని రాస్తాను. నాలుగైతే తొట్టి సుఖంగా ఉన్నట్టు. ఎక్కువైతే పలచబడ్డట్టు, తక్కువైతే చిక్కబడ్డట్టు. తరువాత గొట్టంతో లోతునీళ్ళు లాగి ఇరవై బిందెలు పోస్తాను. తెడ్డుతో కలుపుతాను. ఒక పెట్టె ఉంది. నీళ్ళలో పచ్చదనం నూటికి ఎంతో అంకె చెబుతుంది. ఇవాళ నలభై ఒకటి. నా పళ్ళేనికీ ఆ పెట్టెకూ ఎప్పుడూ తగాదా రాలేదు.

గురువులు మర తిప్పి ఆ పచ్చను పిండి రొట్టె చేస్తాడు. ఒడ్డు మునిగాక మా పొలం ఇదే.

మా తొట్టిలో ఉండేవి నలుసులు. కంటికి ఆనవు. ఆకలి తక్కువ జీవులు. లోతు సముద్రపు పలచటి నీళ్ళలో ఇంత తిని అంత బతుకుతాయి. ఒడ్డు నీళ్ళలో పెరిగేవి గొలుసులు. ఒంటికి గాజు పెంకు తొడుక్కుని, ఒకదాన్నొకటి పట్టుకుని పెరుగుతాయి. వాటికి ఏటి ఒండ్రు కావాలి. లోతుకు తెస్తే పదిహేను రోజుల్లో ఆకలికి చస్తాయి. ఒడ్డు కోడలు పోసిన నీళ్ళు ఇక్కడ ఎన్నడూ నిలవలేదు. ఆ సంగతి మాకు తెలుసు, కొత్త పిల్లకు తెలియదు. వాళ్ళ తెప్పల్లో అయితే, పోసిన నీళ్ళు చస్తే కోడలు అచ్చిరాలేదంటారు.

అందుకని పోసిన మర్నాడు అత్త కోడల్ని తొట్టి దగ్గరకు తీసుకువెళ్ళి చెవిలో ఒక మాట చెబుతుంది. "నీ నీళ్ళు ఇక్కడ బతకవమ్మా. తప్పు నీది కాదు, లోతుది." అంతే మాట. మా అమ్మ మా ఇంటిదానికి చెప్పింది. మా అసిరమ్మ కూడా ఒండ్రుపేట పిల్లే. మాట విని, తను తెచ్చిన ఒండ్రు ఉండలు మిరప కుండీల్లో వేసింది. మూడేళ్ళు కాశాయి.

అసిరమ్మ పోయి నాలుగేళ్ళు. అత్త లేని ఇంట్లో ఆ మాట ఎవరు చెప్పాలో పాత పుస్తకాలన్నీ తిరగేశాను. లేదు. దేముడమ్మను అడుగుదామా అంటే, చెవిలో చెప్పమంటే తెప్పంతా వినేలా చెబుతుంది. నేనే చెప్పాలి కాబోలు.

రేపు చెబుతాను.

మాఘం 8. పళ్ళెం నాలుగు ముడులు.

చెప్పలేదు.

మాఘం 10. పళ్ళెం నాలుగు ముడులు. ఎండ.

పొద్దున ముత్తేలు గుడ్డ పట్టుకుని తొట్టి దగ్గరకు వచ్చింది. ఒడ్డు తెప్పల్లో పళ్ళెం వాడరు. నేత గుడ్డను నాలుగు మడతలు వేసి, దానిలోంచి చెంబెడు నీళ్ళు పోసి, మడత విప్పి మరక చూస్తారు. మరక పసుపు ముద్దలా ఉంటే తొట్టి బాగున్నట్టు.

పోసింది. విప్పింది. గుడ్డ తెల్లగా ఉంది. పిండి, మళ్ళీ పోసింది. తెల్లగానే ఉంది.

ఉంటుంది మరి. నలుసులు గుడ్డలో నిలవవు, నేతలోంచి నీళ్ళతోపాటే జారిపోతాయి. ఆ మాటా ఈ మాటా కలిపి చెప్పేద్దామని లేచాను. గొంతు సవరించుకున్నాను.

"ఎండ గట్టిగా ఉంది" అన్నాను.

"అవును మావా" అంది.

తెడ్డు తీసుకుని కలపడానికి వెళ్ళాను.

మాఘం 13. పళ్ళెం నాలుగు ముడులు.

మూడు రోజులుగా గుడ్డ తెల్లగానే వస్తోంది. రాత్రి తిండి దగ్గర పిల్ల గురువుల్ని అడిగింది.

"మీ తొట్టిలో ఏటీ నేదు. సచ్చిపోనాదేటి?"

"ఏటీ నేకపోతే మరీ రొట్టి ఎక్కణ్ణించొస్తందే, ఆకాశం నించి రాల్తందా?" అని నవ్వాడు వాడు.

"నా నీళ్ళు పోసినంక సచ్చింది."

"నీ నీళ్ళకంత సీను నేదులే. తిను."

మా గురువులుకు మర తెలుసు. నీళ్ళు తెలియవు. నాకు నీళ్ళు తెలుసు. నేను రొట్టె నములుతూ కూర్చున్నాను. పిల్ల కళ్ళు తుడుచుకోవడం ఇద్దరం చూశాం. వాడు ఉల్లిపాయ అనుకున్నాడు.

మాఘం 14. పళ్ళెం నాలుగు ముడులు.

అటకమీద ఒండ్రు ఉండలు ఎనిమిదే ఉన్నాయి. తొట్టి అంచున తడి మట్టి బొటనవేలి గుర్తు ఉంది. చిన్న వేలు.

చూశాను. రాస్తున్నాను. రేపు తప్పక చెబుతాను.

మాఘం 20. పళ్ళెం మూడు ముడులు. పెట్టె యాభై రెండు.

ఉండలు ఆరు.

ఇవాళ గుడ్డకు మరక వచ్చింది. లేత గోధుమ రంగు, అరచేయంత. ముత్తేలు దాన్ని గుమ్మం పక్కన తాడు మీద ఆరేసింది, వచ్చేపోయేవాళ్ళకు కనబడేలా. వంట చేస్తూ పాడింది. వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల పాడటం ఇదే మొదలు. పాట నాకు తెలియనిది, ఏటి పడవల పాటలా ఉంది. బాగుంది.

నాకూ సంతోషం వేసింది. ఇంట్లో పాట విని నాలుగేళ్ళయింది. మరొక్క రెండు రోజులు విని చెబుదామనుకున్నాను.

మాఘం 27. పళ్ళెం రెండు ముడులు. పెట్టె డెబ్బై ఎనిమిది.

ముప్పై ఒక్క ఏళ్ళలో పెట్టె ఇంత అంకె చెప్పలేదు. దేముడమ్మ బెల్లం ముక్క తెచ్చి ముత్తేలు నోట్లో పెట్టింది.

"అచ్చొచ్చిన సెయ్యి! నానేదో నవ్వులాటకంటే నిజంగా సిక్కబరిసీసిందిరా ఈ గుంట! కొర్లయ్యన్నా, నీ జల్మలో సేసినావా ఇలగ?"

లేదన్నట్టు తలూపాను. నవ్వారు.

పెట్టె అబద్ధం చెప్పడం లేదు. పచ్చదనం ఎంత అంటే ఎంతో చెబుతుంది. ఎవరి పచ్చదనం అని దాన్ని ఎవరూ అడగలేదు. నేను చుక్క నీళ్ళు నాలుక మీద వేసుకున్నాను. పళ్ళ మధ్య గరగర. అది గాజు.

ఉండలు నాలుగు.

ఇప్పుడు చెబితే, అప్పుడే ఎందుకు చెప్పలేదంటారు. ఆలస్యమైన కొద్దీ మాట బరువెక్కుతోంది. మొదటి రోజునే చెబితే గింజంత ఉండేది.

ఫాల్గుణం 2. పళ్ళెం ఒకటిన్నర ముడి.

మర ఆగిపోయింది. గురువులు మధ్యాహ్నం దాకా విప్పి, వడపోత పొరను ఎండలో పట్టుకుని చూశాడు. సన్నటి రజను అతుక్కుని మెరిసింది. చేతితో రుద్దితే చర్మం గీరుకుపోయింది.

"నాయినా, ఇదేటి? గాజుముక్కలు అరగదీసి పోసినట్టుంది" అన్నాడు.

మా మర నలుసుల కోసం చేసింది. గొలుసుల గాజు దానికి పడదు.

"గాజే" అన్నాను.

"ఎక్కణ్ణించొచ్చింది?"

ముత్తేలు పక్కనే నిలబడి ఉంది. చేతిలో గుడ్డ. ముఖం ఎంత వెలుగుతోందో. పొర కడిగి ఇచ్చాను.

ఫాల్గుణం 5. పళ్ళెం ఒక ముడి. పెట్టె తొంభై. గాలి లేదు.

అటక ఖాళీ.

ఫాల్గుణం 7. పళ్ళెం ఒక ముడి. పెట్టె అరవై మూడు.

మొన్నటికీ ఇవాళ్టికీ అంకె అంత పడింది. తొట్టి నుంచి కుళ్ళిన నాచు వాసన. ఒండ్రు అయిపోయింది, పెంకు కట్టుకోవడానికి గొలుసులకు గాజు దొరకడం లేదు. తెగి అడుక్కి దిగుతున్నాయి. దిగి కుళ్ళుతున్నాయి. ఆ కుళ్ళు నలుసుల ఊపిరి కూడా తీస్తుంది. ఐదారు రోజులు ఇలాగే వదిలేస్తే తొట్టిలో ఏదీ మిగలదు.

దేముడమ్మ నడివాకిట్లో అందరినీ పిలిచింది. ఇవాళ నవ్వులాట లేదు. కొట్టులో రొట్టె పూర్తిగా తింటే ముప్పై రోజులకు, సగం సగం తింటే అరవై రోజులకు. బయటి సముద్రం నీళ్ళు తెచ్చి తొట్టిని మళ్ళీ మొదలు పెడితే చిక్కబడడానికి ఎనిమిది నెలలు. తొట్టి చచ్చిన తెప్పను విప్పేయడం రివాజు. ఇళ్ళను ఇన్నిన్ని చొప్పున ఒడ్డు తెప్పలు పంచుకుంటాయి. పాత సూరులవాడ అలాగే విప్పారు. అన్న ఒక తెప్పకు, తమ్ముడు ఒక తెప్పకు పోయారు. ఆ పేరు ఇప్పుడు పుస్తకంలోనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి ముత్తేలు ఖాళీ కుండ కడిగి, బట్టలు మూట కట్టుకుని ఉంది. గురువులు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"లాగుడు పడవ రేపొస్తాది, ఎల్లిపోతాను. నా నీళ్ళే సంపేసినాయి. నా ఒండ్రూ సాల్లేదు. నాను అచ్చిరాని దాన్ని" అంటోంది.

"ఒండ్రా? ఏ ఒండ్రు?" అని వాడు.

వాణ్ణి దాటి లోపలికి వెళ్ళాను. గొంతు సవరించుకున్నాను. ఈ పుస్తకం తీసి, మాఘం 6 దగ్గర తెరిచి, ఆ పిల్ల ముందు పెట్టాను. పెట్టి, బయటికి వచ్చి తెడ్డు పట్టుకుని కూర్చున్నాను.

చదవడానికి చాలాసేపు పట్టింది. వచ్చింది. పుస్తకం నా ఒళ్ళో పడేసింది.

"బొటనవేలు గుర్తు సూసినావు."

"చూశాను."

"సూసీసి రాసుకున్నావు."

"రాశాను."

"నాను దొంగలాగ పొద్దు పొడవకముందే నెగిసి పోసీదాన్ని మావా. నాను పాడితే నువ్వు సంతోషపడ్డావంట, ఇందులో రాసుకున్నావు. ఆ సంతోషమేదో కొంచెం నాతో అంటే నోరరిగిపోద్దేటి నీకు?"

న్యాయమే.

"అత్త ఉంటే సెప్పీదా?"

"చెప్పేది."

"ఏటని?"

"పుస్తకంలో ఉంది కదా."

"నోటితో సెప్పు."

తొట్టి వైపు చూస్తూ చెప్పాను. నీ నీళ్ళు ఇక్కడ బతకవమ్మా. తప్పు నీది కాదు, లోతుది. ముప్పై రోజుల ఆలస్యంగా చెప్పాను. ఆ పిల్ల ఏడ్చింది. ముక్కు చీదింది. తరువాత చాలాసేపు గుమ్మం పక్కన ఆరేసిన గుడ్డను చూస్తూ నిలబడింది.

"మావా, నలుసులు ఈ గుడ్డలోంచి జారిపోతాయని రాసినావు."

"జారతాయి."

"గొలుసులు?"

"నిలుస్తాయి."

"కుళ్ళినియ్యో?"

"అవీ నిలుస్తాయి."

"నలుసులు ఇంకా బతికున్నాయా అందులో?"

"ఆకలి తక్కువ జీవులు. కొంచెం ఉంటాయి."

"మరింకేటి కూకున్నావు? నెగు!"

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ తొట్టి కాచాను. ఆ ఆలోచన నాకు రాలేదు. గుడ్డ చూసేవాళ్ళకే వచ్చింది.

ఫాల్గుణం 8. పళ్ళెం వేయలేదు.

నడివాకిట్లో నిలబడి మాట్లాడాను. ఇంతకు ముందు అక్కడ మాట్లాడింది నా పెళ్ళినాడు, అదీ పేరు చెప్పమంటే. ఇవాళ నాలుగు వాక్యాలు. తొట్టిలో ఒండ్రు పడింది. పడుతుంటే చూసి నేను చెప్పలేదు. తప్పు కాపరిది. వానసంచి ఖాళీగా ఉంది, తొట్టి నీళ్ళన్నీ గుడ్డల్లో వడగట్టి అందులో పోద్దాం.

ఎవరు పోశారని ఒకరిద్దరు అడగబోయారు. దేముడమ్మ చెయ్యెత్తి ఆపింది.

"కొర్లయ్య నోట నాలుగు మాటలు! తెప్ప విప్పినా పరవానేదర్రా, ఇదింటాం సాలు. ఎల్లండి, సీరలు తెండి. పాతవి తెండి, నేత బిగిసి ఉంటాది. కొత్తవి దాసుకుంటే నాను సూస్తన్నాను."

వానలు జ్యేష్ఠంలో గానీ రావు. అప్పటిదాకా, తొట్టంత పెద్దదైన ఆ వాన నీళ్ళ సంచి మాదే.

ఫాల్గుణం 9.

ఒక మడతతో గోధుమ రంగు దిగింది. రెండు మడతలతోనూ దిగింది. నాలుగు మడతలు వేస్తే పలచటి నీళ్ళు దిగాయి, ఏ రంగూ లేనట్టు. "నీళ్ళే వస్తన్నాయి, పచ్చేదీ?" అని గొణిగారు. ముత్తేలు నడుముకు కొంగు బిగించి వరస వరసకూ తిరిగింది. "కనబడ్డం నేదని ఏడవకండి. ఏడ్సి నాను సేసింది సాలు" అంటోంది.

తానే పోశానని అందరికీ తానే చెప్పేసింది. నేను దాచిపెట్టినదాన్ని అరపూటలో తెప్పంతా ఎరిగింది. ఎవరూ ఏమీ అనలేదు. చేతుల్లో బిందెలున్నాయి.

ఫాల్గుణం 11. గాలి తూర్పు, చల్లగా.

అయిపోయింది. పన్నెండు వేల బిందెలు, మూడు రోజులు. ఒళ్ళంతా నొప్పులు. హాయిగా ఉంది.

అడుగున కుళ్ళినదాన్ని సముద్రానికి వదిలేశాం. పైనీళ్ళలో ఇంకా బతికి ఉన్న గొలుసులు చీరల మడతల్లో ముద్దలు ముద్దలుగా నిలిచాయి. గురువులు పారబోయబోతే ముత్తేలు వాడి చెయ్యి మీద కొట్టింది.

"ఒండ్రుపేటలో దీన్ని పారబోస్తే మాయమ్మ వీపు సీరేసీది."

కడిగి, రొట్టె పొడిలో కలిపి, మా కుండీల మిరపకాయలు తరిగి వేసి అట్లు పోసింది. నలభై రెండు ఇళ్ళకూ. పళ్ళ కింద కొంచెం గరగర, తరువాత చేప పులుసులాంటి కమ్మదనం. దేముడమ్మ ఐదు తిన్నది. "తొట్టిని సంపితే సంపింది గానీ, ఏం రుసే!" అంది. అసిరమ్మ ఎప్పుడైనా పుట్టింటి అట్ల గురించి చెబుతుండేది. ముప్పై ఏళ్ళు చెప్పింది. రుచి ఇవాళ చూశాను.

ఫాల్గుణం 12. పళ్ళెం పదకొండు ముడులు. పెట్టె మూడు.

మూడు. నూటికి మూడు. పదకొండు ముడులు దిగినా పళ్ళెం అంచు ఇంకా కనిపిస్తున్నట్టే ఉంది.

అందరూ వచ్చి సంచిలోకి చూసి, నన్ను చూసి, ఏమీ అడక్కుండా వెళుతున్నారు. నాకు అలవాటైన భాషే. ఇవాళ ఎందుకో బరువుగా ఉంది.

లోతునీళ్ళు ఇరవై బిందెలు పోశాను. కలిపాను. నాలుగు రోజులుగా అందరికీ సగం రొట్టె.

ఫాల్గుణం 20. పళ్ళెం పదకొండు ముడులు. పెట్టె మూడు.

కదలడం లేదు. ముత్తేలు రోజూ నా పక్కన కూర్చుని తాడు పట్టుకుంటోంది. ముడులు తనే లెక్కపెడుతోంది.

"మావా, ఆటికి ఆకలేస్తందేమో. ఇంకో పది బిందెలు పోద్దుమా?"

"వద్దు."

"ఎందుకు?"

మామూలుగా అయితే అక్కడితో సరిపోయేది. మింగి, చెప్పాను. ఎక్కువ పెడితే ఎక్కువ తినేవాళ్ళే వస్తారు. నలుసులు కొంచెంతో బతికేవి, వాటి దారిన వాటిని పోనివ్వాలి. ఒడ్డున ఏరుంటుంది, రోజూ తెచ్చి పెడుతుంది. ఇక్కడ ఎవరూ తెచ్చి పెట్టరు. ఉన్నదాన్నే తిప్పి తిప్పి తింటాయి.

"నీలాగ" అంది.

"ఏమిటి?"

"ఉన్న నాలుగు మాటలే తిప్పి తిప్పి వాడతావు."

నవ్వొచ్చింది. ఆ నవ్వు బయటికే వచ్చినట్టుంది, గురువులు మర దగ్గర నుంచి తలెత్తి చూశాడు.

ఫాల్గుణం 26. పళ్ళెం పది ముడులు. పెట్టె ఐదు.

పది.

ఇంకొకసారి దింపమంది ముత్తేలు. దింపాను. పదే.

చైత్రం 9. పళ్ళెం ఎనిమిది ముడులు. పెట్టె పదకొండు. గాలి అసలు లేదు.

సముద్రం నూనె పోసినట్టు పడుకుంది. తెప్ప చుట్టూ రంపపు పొట్టులాంటిది తేలింది, మైళ్ళ పొడవునా గడ్డి రంగు చారలు. అది కూడా మొక్కే. గాలి ఆడని వేడి రోజుల్లో లోతు నీళ్ళ మీద వస్తుంది. ఒండ్రు అక్కర్లేకుండా గాలినే తిని బతుకుతుందంటారు. అది తేలినచోట కింద నలుసులు ఒత్తుగా ఉంటాయి. అలాంటి చోటి నీళ్ళు నలభై బిందెలు తెచ్చి, గుడ్డలో వడగట్టి, సంచిలో పోశాం. పొట్టు గుడ్డలో నిలిచింది. నలుసులు దిగాయి.

ఒక సముద్రంలో ఎన్ని రకాల ఊళ్ళో అంది పిల్ల.

చైత్రం 24. పళ్ళెం ఆరు ముడులు. పెట్టె ఇరవై రెండు.

గురువులు పాంటు వదులైందని తాడు కట్టుకుంటున్నాడు. సగం రొట్టె పిల్లల చేతుల్లో పెట్టేటప్పుడు ఎవరూ ముఖాలు చూసుకోవడం లేదు. కొట్టులో పదిహేను రోజులకు ఉంది. నాకు భయం లేదు. తాడు పట్టుకుంటే తెలుస్తుంది.

వైశాఖం 5. పళ్ళెం నాలుగు ముడులు. పెట్టె నలభై.

పళ్ళెం వేసింది ముత్తేలు. నాలుగో ముడి చేతిలోకి వచ్చాక తాడు ఆపింది. వంగి చూసింది. ఇంకా వంగింది. నన్ను చూసింది.

"కనబడ్డం నేదు మావా."

నేనూ వంగాను. గాజు అంచు రంగు నీళ్ళు. పళ్ళెం లేదు.

గురువులు మర తిప్పాడు. మొదటి రొట్టెను దేముడమ్మ నలభై రెండు ముక్కలు చేసింది. గోరంత ముక్క. పలచటి రుచి. మాదే.

ముత్తేలు గుడ్డలో చెంబెడు నీళ్ళు పోసి, మడత విప్పి, తెల్లగా ఉన్న గుడ్డను తెప్పంతా తిప్పి చూపించింది.

మరుసటి మాఘం 15. పళ్ళెం నాలుగు ముడులు.

దేముడమ్మ మనవడు నిన్న పెళ్ళి చేసుకుని వచ్చాడు. పిల్ల ఒండ్రుపేటదే, పేరు సొలమ్మి. తేనె రంగు నీళ్ళు పోసింది. సారెలో తొమ్మిది ఉండలు.

చెవిలో మాట ఇకమీదట అత్త కాదు, కాపరి చెప్పాలని పోయిన ఏడే నడివాకిట్లో అనుకున్నాం. అత్తలుంటారు, పోతారు. తొట్టికి కాపరి ఎప్పుడూ ఉంటాడు. దసరా నుంచి కాపరి ముత్తేలు. నేను పక్కన కూర్చుని తాడుకు ముడులు సరిచేస్తుంటాను. పుస్తకం మాత్రం ఇవాళ్టిదాకా నన్నే రాయమంది.

పొద్దున సొలమ్మిని తీసుకొచ్చింది. చెవిలో చెప్పలేదు. అందరి ముందే చెప్పింది.

"నీ నీళ్ళు ఇక్కడ బతకవు సెల్లీ. తప్పు నీది కాదు, లోతుది."

పిల్ల ముఖం చిన్నబోయింది. చేతిలో మడత పెట్టిన నేత గుడ్డ ఉంది. దాన్ని కొంగు చాటున దాచుకోబోయింది.

"గుడ్డ మాత్రం పారీకు" అంది ముత్తేలు. "ఆ గుడ్డలో ఏటీ కనబడనిరోజు మాకు పండగ. కనబడిందంటే వొచ్చి సెప్పు."

సొలమ్మికి అర్థం కాలేదు. నా వైపు చూసింది. "తాతా, నిజమేనా?"

గొంతు సవరించుకోలేదు. తాడు పక్కన పెట్టి, పళ్ళెం, గుడ్డ, నలుసులు, గొలుసులు, మా మిరప కుండీలు, అట్లు, అన్నీ చెప్పుకొచ్చాను. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ముత్తేలు మధ్యలో లేచి వెళ్ళి వంట చేసి వచ్చింది. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను.